ఎవరూ పిలవని పేరా

ఇన్నాళ్ళూ ఇది రాయకపోవడానికి కారణం ఒకటే. నాకు తెలుగు అక్షరాలు వచ్చేవి కావు.

మాట వచ్చు. ఇంట్లో ఎప్పుడూ తెలుగే. మా నాన్న మగ్గం పని వెతుక్కుంటూ సిరిసిల్ల నుంచి షోలాపూర్ పోయాడు. నేను అక్కడే పుట్టాను. బడి మరాఠీలో, కాలేజీ ఇంగ్లీషులో. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక సిటీ బస్సులను నంబరు చూసి ఎక్కేదాన్ని. పెళ్ళి కార్డు వస్తే మా ఆయన చదివి వినిపించేవాడు. ఆఫీసులో మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. అక్కడ తెలుగులో మాట్లాడతారు, ఇంగ్లీషులో రాస్తారు. ఆ రెండింటి మధ్య నా లోటు హాయిగా దాక్కుంది.

రిటైరయ్యాక మా అపార్ట్‌మెంటులో కింద ఉండే సరోజ టీచర్ దగ్గర చేరాను. ఆమె సాయంత్రాలు ఒకటో తరగతి పిల్లలకు చెబుతుంది. నేనూ వాళ్ళ మధ్య కూర్చున్నాను. "అమ్మమ్మా, నీ ఒత్తు పక్కింట్లోకి పోయింది" అని ఒక పాప నా పుస్తకంలోకి తొంగి చూసి నవ్వేది. కూడబలుక్కుని చదవడం, ఆ తర్వాత రాయడం వచ్చాయి. "ఇంక చూచిరాత చాలు. నీకు తెలిసిందేదో రాయి" అన్నారు టీచర్. నాకు తెలిసింది నా పనే.

ఇంగ్లీషులో రాయొచ్చు కదా అన్నాడు మా ఆయన. ఇంగ్లీషులో నేను రాసినవన్నీ ఎవరికో పంపడానికి రాసినవి. ఈ మనుషులు తెలుగులో మాట్లాడారు, తెలుగులో పోట్లాడారు. వాళ్ళను వాళ్ళ మాటల్లోనే పెడతాను.

మా మెట్ల మీద కనిపించే పిల్లల్లో సగం మంది ఇప్పుడు ఇదే పనిలో ఉన్నారు. ఒక భాషలో రాసిన ప్రోగ్రామును ఇంకో భాషలోకి మార్చడం. భాషల పేర్లు మారాయి, పని మారలేదు. వాళ్ళ కోసమే ఇది.

పని ఏమిటంటే

మొదట బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో చాలా ఏళ్ళు చేశాను. అక్కడ అన్నీ కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాములే. తొంభైల చివర్లో మాదాపూర్‌లో హైటెక్ సిటీ లేస్తున్నప్పుడు ఒక చిన్న కంపెనీ కోబాల్ తెలిసినవాళ్ళ కోసం వెతికింది. రెండు వేల సంవత్సరం వస్తే, సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్న పాత ప్రోగ్రాములు ఏమైపోతాయోనని ప్రపంచమంతా పరేషాన్‌లో ఉన్న రోజులు. కొన్ని కంపెనీలు పాతవాటికే మరమ్మతు చేయించుకుంటే, కొన్ని ఈ వంకతో మొత్తం కొత్త భాషలోకి మార్పించుకున్నాయి. నలభై దాటిన నన్ను ఎవరు తీసుకుంటారులే అనుకుంటూనే వెళ్ళాను. తీసుకున్నారు.

కూకట్‌పల్లి నుంచి కంపెనీ వ్యాన్ ఉండేది. కిటికీలోంచి పెద్ద పెద్ద రాతి గుండ్లు, గుండ్ల మధ్య క్రేన్లు. బయట రాళ్ళు పేల్చినప్పుడల్లా మా బల్లల మీద టీ కప్పులు గలగలమనేవి.

మా చేతికి వచ్చింది విదేశంలో ఒక సంస్థ పని. ఊపిరి సరిగా ఆడని రోగుల ఇళ్ళకు ఆక్సిజన్ సిలిండర్లు పంపే సంస్థ అది. రేపు ఏ బండిలో ఎన్ని సిలిండర్లు ఎక్కించాలి, ఏ ఇంటికి ఎన్ని దించాలి అన్నది కోబాల్ ప్రోగ్రాము చెబుతుంది. దాన్ని సీ అనే భాషలోకి మార్చాలి.

సీలో మా అందరికీ గురువు శ్రీధర్. అల్వాల్ పిల్లవాడు. సీలోనే పుట్టి పెరిగినట్టు ఉండేవాడు.

"మేడం, మీ కోబాల్ ఏంది, తాసీల్దారుకు అర్జీ రాసినట్టు ఉంటది? 'దీన్ని దానికి కలిపి ఫలానా దాంట్ల పెట్టవలెను' అని. ఒక్క కూడికకు గంత వినయమా?"

"మీ సీ ఏంది మరి? చీమలు చక్కెర డబ్బాల పడ్డట్టు. యాడ చూసినా చుక్కలు, బ్రాకెట్లు."

ఇలా రోజూ నడిచేది. నడుస్తూ నడుస్తూనే నేను సీ నేర్చుకున్నాను, అతను కోబాల్ నేర్చుకున్నాడు.

రెండు భాషలకూ తేడాలు పుస్తకంలో ఉంటాయి. కానీ దెబ్బ తగిలినవే గుర్తుంటాయి. కోబాల్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, సీ సున్నా నుంచి. మొదట్లో శ్రీధర్ మార్చిన ప్రోగ్రాములో ప్రతి బండికీ మొదటి ఇల్లు తప్పిపోయేది. "పాపం, ఆ మొదటి ఇంటాయన దినాం గేటు కాడ నిలబడి చూస్తుంటడు" అని నేనంటే, "సున్నా నంబరు ఇంట్లకు కిరాయికి దిగుమనుండ్రి మేడం" అన్నాడు. పేరు రాసుకోవడానికి కోబాల్ ముందే ఇంత చోటు అని కొలిచి, పేరు చిన్నదైతే మిగిలిన చోటును ఖాళీలతో నింపుతుంది. సీ అలా కాదు, పేరు ఎక్కడ ముగిసిందో అక్కడ ఒక గుర్తు పెట్టి వదిలేస్తుంది. అందుకే ఒకే మనిషి రెండు చోట్ల ఇద్దరు మనుషుల్లా కనిపించేవాడు. ఇలాంటివి ఒకసారి కాలితే మళ్ళీ కాలవు.

అన్నింటికంటే లోతైన తేడా ఒకటుంది. నేను దాన్ని ఇళ్ళతో చెబుతాను.

షోలాపూర్‌లో మా ఇల్లు వరుస గదులు. ముందు మగ్గాల గది, తర్వాత నూలు గది, దాని వెనక వంటిల్లు. నూలు గదిలోకి నిన్నెవరూ రమ్మనలేదు. అయినా వంటింట్లోకి పోవాలంటే దాని గుండానే పోవాలి. కోబాల్ అలాంటి ఇల్లు. ప్రోగ్రామంతా పేరాలు పేరాలుగా ఉంటుంది, ఏ పేరానైనా ఇంకో చోటి నుంచి పేరు పెట్టి పిలవొచ్చు. ఒక పేరా పని అయ్యాక ఎక్కడికైనా పొమ్మని చెప్పకపోతే, అది కింది పేరాలోకి నడిచి వెళ్తుంది. సీ మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంటు. ప్రతి ఫ్లాటుకూ వేరే తలుపు. బెల్ కొట్టి పిలిస్తేనే తెరుస్తారు. పిలవకపోతే అందులో ఉన్నది ఎప్పటికీ బయటికి రాదు.

ఈ ఒక్క తేడా మీదే ఇక్కడ నేను చెప్పబోయేదంతా నడిచింది.

మూర్తి గారి చీపురు

మా ప్రాజెక్టు మేనేజరు మూర్తి గారిది భీమవరం దగ్గర ఊరు. మెత్తటి మనిషి, గట్టి పద్ధతి. గోడకున్న బోర్డు మీద "ఉన్నది ఉన్నట్టు" అని పెద్దగా రాయించారట. ఆ అక్షరాలు నేను చదవలేకపోయినా, ఆయన రోజూ దాని వైపు వేలు చూపించి చెప్పేవారు కాబట్టి నాకు తెలుసు. పాత ప్రోగ్రాము తప్పు చేస్తే కొత్తదీ అదే తప్పు చేయాలి. సరిచేసే హక్కు మనది కాదు.

నాకది మొదట వింతగా తోచింది. పాత ప్రోగ్రాము ప్రతి డ్రైవరు కాగితాల చివర ఒక ఖాళీ పేజీ వదిలేది. దండగ అని శ్రీధర్ తీసేశాడు. అవతలి నుంచి ఫిర్యాదు వచ్చింది. డ్రైవర్లు దారిలో గుర్తులు రాసుకునేది ఆ పేజీ మీదేనట. "ఖాళీ పేజీ కూడా వాళ్ళదేనండి, మనది కాదు" అన్నారు మూర్తి గారు. ఆ మాట నాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది.

ఒక్క మినహాయింపు ఉండేది. పాత ప్రోగ్రాముల్లో చచ్చిపోయిన భాగాలుంటాయి. ఎప్పుడో ఎవరో రాసినవి, ఇప్పుడు ఎన్నడూ నడవనివి. వాటిని తీసేయమని ఆ సంస్థే అడిగింది. ఆ పనిలో ఉత్సాహం తేవడానికి మూర్తి గారు ఒక పోటీ పెట్టారు. వారంలో ఎవరు ఎక్కువ ఊడ్చేస్తే వాళ్ళ సీటుకు ఎర్ర రిబ్బను కట్టిన చీపురు తగిలిస్తారు. నిజం చీపురే. దాంతో పాటు ఒక డబ్బా కాజాలు. చీపురు వారమంతా అక్కడే వేలాడుతుంది.

అందరికీ వచ్చింది ఒక్కోసారి. నాకూ వచ్చింది. శ్రీధర్ సీటుకైతే మేకు అరిగిపోయింది. ఎవరూ పిలవని పేరాలను వెతికి ఎర్ర రంగులో చూపించే పనిముట్టు తయారు చేసింది అతనే. పనిముట్టు చూపిస్తుంది, మనిషి పైనున్న పేరాను చదివి, అక్కడి నుంచి కిందికి దారి ఉందో లేదో చూసి తీసేయాలి. అదీ నియమం. చీపురు కోసం పరుగెత్తేటప్పుడు ఆ చదవడం చూడటంగా మారింది, చూడటం కంటి కొసతో చూడటంగా మారింది.

నాగమణి మాలో చిన్నది. ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. అమీర్‌పేట హాస్టల్లో ఉండేది. ట్రైనీగా చేరి ఆరు నెలలు కావస్తోంది. నేను చెబుతున్న ఈ వారం శుక్రవారమే ఆమె చేతికి కాగితం రావాలి. ఉంచుకుంటారా, పంపిస్తారా.

"పంపిస్తే మళ్ళీ మా ఊర్లో కంప్యూటర్ సెంటర్లో పిల్లోల్లకు టైపింగు నేర్పించుకోవల్ల అక్కా" అనేది. "దానికి ఇంత చదువు దేనికి అంటాది మాయమ్మ."

బండ్ల లోడు ప్రోగ్రాము మార్చింది ఆమె. బాగా చేసింది. పాత ప్రోగ్రాముకూ కొత్తదానికీ ఒకే రోజుల సమాచారం ఇచ్చి నడిపితే రెండూ అచ్చం ఒకటే చెప్పాయి. ఆ వారం చీపురు ఆమెకే వచ్చింది. "ఈ చీపురుతో మీ కాగితం ఖాయమైనట్టేనండి నాగమణి గారు" అన్నారు మూర్తి గారు కాజాల డబ్బా ఇస్తూ. ప్రోగ్రాము అవతలికి వెళ్ళిపోయింది. వాళ్ళు శనివారం లోడు నుంచి దాన్నే వాడతామన్నారు.

చెత్తబుట్ట

ఊడ్చేసిన పేరాలన్నీ కంప్యూటరులో ఒక మూల పడేసేవాళ్ళం. దాన్ని అందరం చెత్తబుట్ట అనేవాళ్ళం. నేను మధ్యాహ్నం డబ్బా విప్పి తింటూ దాన్ని చదివేదాన్ని. ఇది ఎవరూ చెప్పిన పని కాదు. మగ్గం కింద పడ్డ తెగిన నూలు చూసి, నేతగాడు పొద్దున ఎట్లా కూర్చున్నాడో మా నాన్న చెప్పేవాడు. ఆ బుద్ధి నాకు అంటుకుంది.

బుధవారం అందులో నాగమణి తీసేసిన ఒక పేరా కనిపించింది. చిన్నది. బండి మళ్ళీ రావాల్సిన రోజు సెలవైతే ఆ ఇంటికి ఇంకో సిలిండరు కలుపు. అంతే. అన్నం తింటూ రెండోసారి చదివాను. ఇంత బుద్ధిగా ఉన్న పేరా ఎందుకు చచ్చిపోయింది?

పాత ప్రోగ్రాము తెరిచి పై పేరా చూశాను. చివర్లో "ముగింపుకు వెళ్ళు" అని ఉంది. కానీ ఆ మాటకు ముందు ఒక షరతు ఉంది. ఈ ఇంటికి ఈ రోజు సిలిండరు లేకపోతే ముగింపుకు వెళ్ళు. ఉన్నవాళ్ళ సంగతి? వాళ్ళు ఎక్కడికీ వెళ్ళరు. కిందికి నడుస్తారు. కింద ఉన్నది ఈ పేరానే.

"నాగమణీ, జర ఇట్ల రా."

ఆమె చేతిలో పెరుగన్నం ముద్దతోనే వచ్చింది. చూపించాను.

"దాన్ని ఎవురూ పిలవలేదు గదక్కా. పైన 'వెళ్ళు' అని కూడా ఉండాది. చూసే తీసినా."

"ఎవరిని వెళ్ళుమన్నది? మల్లొక్కసారి చదువు. పైకి చదువు."

ఆమె పైకి చదివింది. మధ్యలో ఆగిపోయింది.

"కానీ రెండూ సరిపోయినాయి గదా అక్కా, నడిపినప్పుడు."

"మనం నడిపిన రోజులల్ల సెలవు లేదు బిడ్డా."

సెలవుకు ముందు లోడు తారీఖు పెట్టి రెండింటినీ నడిపాం. ఒక ఇంటికి పాతది రెండు అంది. కొత్తది ఒకటి అంది. తర్వాతి ఇంటికీ అంతే. నాగమణి చేతిలో ముద్ద అలాగే ఉంది.

వాళ్ళ దేశంలో వచ్చే సోమవారం సెలవు. ఆదివారం బండ్లు తిరగవు. శనివారం దించిన సిలిండరే మంగళవారం దాకా రావాలి. ఒక్కటి అన్ని రోజులు రాదు.

ఆమె వెళ్ళి చెయ్యి కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చుంది. మెల్లగా అంది: "శుక్రవారం సాయంత్రం నా కాగితం వచ్చినాంక చెప్తే ఏమవుతాదక్కా? లోడు శనివారం గదా."

"చెప్పంగనే పాతదానికి మారుతరా వాళ్ళు? వాళ్ళకు ఒక దినమన్న కావాలె."

"ఒక్కదినం..." అంది. చెయ్యి చాచి తన సీటుకున్న చీపురు రిబ్బను ఒక కొస నుంచి పోగు లాగుతూ కూర్చుంది. తేల్చుకోవాల్సింది ఆమే. ఆ కాగితం నాది కాదు. ఇంకొంచెం సేపైతే నేనే లేచేదాన్ని. అంతలో ఆమె రిబ్బను వదిలేసి లేచింది.

"రాక్కా, సార్ దగ్గరికి పోదాం."

ఫోను

మూర్తి గారు విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"రెండు వారాల్లో మనం ఇంకో విడత పంపుతున్నాం కదండీ. అందులో కలిపేస్తే? ఎవరికీ తెలియకుండా పోతుందండి."

నేను నోరు తెరిచేలోపే నాగమణి అంది: "సోమవారం సెలవు సార్. రెండు వారాలు ఆ ముసలోల్లు ఊపిరి బిగబట్టుకోని ఉంటారా?"

శ్రీధర్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. "సార్, ఎర్ర రంగు చూపించింది నా పనిముట్టు" అన్నాడు.

సాయంత్రం, వాళ్ళకు పొద్దున అయ్యాక, మూర్తి గారు ఫోను చేశారు. అవతల డోరిస్ అనే ఆవిడ. ఆ ప్రోగ్రాము చూసుకునేది ఆమే. అందరికీ వినబడేట్టు పెట్టి, "మీరే చెప్పండి నాగమణి గారు, మీకే బాగా తెలుసు" అన్నారు మూర్తి గారు. నాగమణి ఇంగ్లీషులో మాట్లాడటానికి ఎప్పుడూ భయపడేది. ఆ రోజు భయం ఇంకోదాని మీద ఉంది కాబట్టి ఇంగ్లీషు దానంతట అదే వచ్చింది. ఈ పేరా తీసేశాం, ఎవరూ పిలవడం లేదనుకున్నాం, పొరపాటు మాది, శనివారం పాత ప్రోగ్రామే వాడండి.

తర్వాత డోరిస్ అంది: దాన్ని పిలవక్కర్లేదమ్మా, అది దారిలోనే ఉంది.

ఆ పేరా రాసింది ఆమేనట. ఎన్నో ఏళ్ళ కిందట ఒక పండగ సెలవున ఒకరింట్లో సిలిండరు అయిపోతే, తనే కారులో వేసుకొని మంచులో పోవాల్సి వచ్చిందట. ఆఫీసుకు తిరిగి రాగానే ఆ పేరా రాసి, ఎవరూ దాటకుండా పోలేని చోట పెట్టిందట. చెప్పినందుకు థాంక్స్ అంది. శనివారం పాతదే నడుపుతానంది. కానీ పైవాళ్ళకు చెప్పక తప్పదు, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు అంది.

రోగులకు గండం తప్పింది. మూర్తి గారు ఫోను పెట్టేసి మా వైపు చూశారు.

"రేపు పొద్దున్నే పెద్దాయన దిగుతారండి." పెద్దాయన అంటే మా కంపెనీ యజమాని. "ముందు ఒక పేరు అడుగుతారు. ఎవరి పని ఇది అని. పేరు వినకుండా ఇంకో మాట మాట్లాడరండి ఆయన."

"నా పేరే గదా సార్. ఉండేదే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు" అంది నాగమణి, బోర్డు వైపు చూసి.

పొద్దుపోయిందని ఆ రాత్రి అందరికీ ఒకే వ్యాన్. అందులో ఆమె కిటికీకి తల ఆనించి కూర్చుంది. నేను కూకట్‌పల్లిలో దిగుతుంటే పిలిచింది.

"అక్కా, నా టిఫిన్ డబ్బా మీ సంచిలోనే ఉండిపోయె. రేపు తీసుకోని రాండి. రేపు నేనుంటే."

"ఉంటే ఏంది? ఉంటవు."

అన్నాను కానీ, ఎట్లా ఉంటుందో నాకూ తెలియదు.

మధ్యలో ఒక మాట

పని కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు ఇక్కడ నా అభిప్రాయం చెప్పి ముందుకు పోతాను.

మీరిప్పుడు వాడే పనిముట్లు శ్రీధర్ పనిముట్టు కంటే ఎంతో తెలివైనవి. ఒక భాషను క్షణంలో ఇంకో భాషగా మారుస్తాయి. మార్చిన దాన్ని అందరూ చదువుతారు. తీసేసిన దాన్ని ఎవరూ చదవరు. మీరు చదవండి. మామూలు రోజులతో పరీక్షిస్తే రెండు ప్రోగ్రాములూ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, పెళ్ళిచూపుల్లో అందరూ మంచివాళ్ళైనట్టు. సెలవు రోజు, నెలాఖరు, ఎవరూ ఇంట్లో లేని రోజు, వాటితో పరీక్షించండి. ఏ రెండు భాషల్లోనైనా చెప్పిన మాటలు త్వరగానే కలుస్తాయి. చెప్పకుండా వదిలేసిన చోట ఒక భాష ఆగిపోతుంది, ఇంకోటి నడుస్తుంది. అక్కడ నిలబడి చూడండి.

ఇంకొకటి. మూర్తి గారు నేను చూసిన మేనేజర్లలో మంచివారు. అయినా ఆ పోటీ చెడ్డ పోటీ. ఎంత ఊడ్చావని అడిగితే మనిషి ఊడుస్తాడు. ఏం ఊడ్చావని అడిగితే వంగి చూస్తాడు. ఆ రాత్రి పడుకునే ముందు నాకు తట్టింది ఇదే. రేపు పెద్దాయన పేరు అడిగినప్పుడు నాగమణి పేరు చెబితే అది అబద్ధం కాదు. కానీ సగం. ఆ పేరా తీసిన చెయ్యి ఆమెది. చీపురు అందరిదీ.

మర్నాడు పొద్దున

మర్నాడు పొద్దున వ్యాన్ రాకముందే కూకట్‌పల్లి మార్కెట్‌కు పోయాను. చీపుర్ల ఆమె అప్పుడే గోనెపట్టా పరుస్తోంది. మా బృందంలో ఎంతమంది ఉన్నారో అన్ని అడిగాను.

"గిన్ని ఏం జేస్తవమ్మా? ఫంక్షన్ హాల్ పెట్టినవా?"

"ఆఫీసుకు."

"ఏం ఆఫీసు?"

"కంప్యూటర్లది."

"కంప్యూటర్లల్ల గంత చెత్త ఉంటదా?"

"నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువనే ఉంటది."

వ్యాన్ డ్రైవరు చూసి ఏమీ అడగకుండా వెనక సీటు ఖాళీ చేశాడు. నాగమణి ఎక్కేది అమీర్‌పేట వ్యాన్, అది తర్వాత వస్తుంది. నేను పైకి వెళ్ళి ఒక్కో సీటుకూ ఒక్కోటి తగిలించుకుంటూ పోయాను. నా సీటుకు ఒకటి. అన్నింట్లో పెద్దది మూర్తి గారి తలుపు పిడికి. నాగమణి సీటుకు ముందే ఉంది, ఎర్ర రిబ్బనుది. దాన్ని కదపలేదు.

శ్రీధర్ వచ్చి అటూ ఇటూ చూశాడు. అతనికి చెప్పాల్సిన అవసరం రాలేదు. తన చీపురు తీసి చూసి, "ఏంది మేడం, నాకు గింత చిన్నదా? ఈ ఆఫీసుల నేను ఊడ్చినంత ఎవరన్న ఊడ్చిండ్రా?" అని, పక్క సీటు దానితో మార్చుకున్నాడు. మూర్తి గారు వచ్చి తన తలుపు ముందు ఆగారు. పిడి మీది చీపురును చూశారు, నన్ను చూశారు. తీస్తారేమోననుకున్నాను. దాన్ని కొంచెం జరిపి తలుపు తెరుచుకొని లోపలికి వెళ్ళారు.

నాగమణి చివర్లో వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏందక్కా ఇది?"

"నీ డబ్బా తెచ్చిన. పో, కూర్చో."

పెద్దాయన వచ్చారు. నిలబడే అడిగారు, "ఎవరి పని అది?" అని. తర్వాత చీపుర్లు చూశారు. "ఏమిటిదంతా?"

మూర్తి గారు బయటికి వచ్చారు. "మీరు పేరు అడుగుతారని తెలుసండి. ఎవరెవరు ఊడ్చారో వాళ్ళ దగ్గర తగిలించి ఉంది. ఊడ్చమని పోటీ పెట్టింది నేనండి. మొదటిది నా తలుపు మీద ఉంది, చూడండి."

పెద్దాయన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. ఎక్కడా చీపురు లేని సీటు దొరకలేదు. నవ్వలేదు, కోప్పడలేదు. ఎర్ర రిబ్బను దగ్గర ఆగి, "ఈ అమ్మాయి కాగితం రేపు కదూ?" అన్నారు.

"అవునండి. తప్పు దొరికాక తనంతట తనే నడిచొచ్చి చెప్పిందండి. ఫోనులో వాళ్ళకు చెప్పింది కూడా తనే. అలాంటి మనిషిని పంపించేసి నాకు ఎవరినిస్తారండి?"

పెద్దాయన మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "తీసేసినవన్నీ మళ్ళీ చదవండి. మొత్తం. ఈ అమ్మాయిని ఉంచుకునే కాగితం సంతకానికి పంపండి."

ఆయన దిగిపోయారు. నాగమణి తన చీపురు తీసి, దాంతోనే బల్ల మీద దుమ్ము దులిపింది, కళ్ళు తుడుచుకోవడం కనబడకుండా.

నేను కంప్యూటరు ఆన్ చేసి చెత్తబుట్ట తెరిచాను. మొదటి పేరా పేరు చదివి, పాత ప్రోగ్రాములో దాని పై పేరా వెతకడం మొదలుపెట్టాను. నాగమణిని నేను పిలవలేదు. కుర్చీ లాక్కుంటూ తనే వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం పై నుంచి కిందికి చదవడం మొదలుపెట్టాం.